దేవుని పక్షమున అబద్ధమాడవచ్చునా?

(శతవార్షికోత్సవ సంచికకు వ్యాసములు వ్రాయబూనిన సంఘస్థుల కూటములో చేసిన ప్రసంగపాఠము)



మన అధ్యక్ష ఖండము నూరు సంవత్సరములు నిండించుకొనుచున్న ఈ శుభసమయమున, ప్రతి పాస్టరేటువారును తమ సంఘచరిత్రను వ్రాసి పంపవలెనని సంచిక కమిటీవారు కోరియున్నారు. అందునిమిత్తము బడిపంతుళ్లు, స్త్రీల మైత్రి కార్యదర్శులు, పెన్షను పుచ్చుకొన్న ఉద్యోగులు, యౌవనస్థులు ఎందరో కలము చేతబట్టిరి. ఇంతవరకు సాక్ష్యకూటములలో నోటితో చెప్పుకొన్న సంగతులు ఇప్పుడు అచ్చులోనికి రాబోవుచున్నవి. నోటిమాటను విన్నవారు మరచిపోవచ్చును. అచ్చయిన మాట మన మనుమల చేతికి వచ్చును. గనుక వ్రాయబూనిన మీతో కలిసి ఒక ప్రశ్నను ధ్యానింపగోరుచున్నాము. దేవుని మహిమ కొరకు చెప్పు కథలో కొంచెము కలిపి చెప్పిన తప్పేమి?

ఈ ప్రశ్నను మేము కల్పించలేదు. వ్యాసములు వ్రాయు మంచి విశ్వాసులే మమ్మును అడిగిరి. నూరు అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయవలెనని మన పెద్దలందురు గదా. అట్లే, నాలుగు మాటలు పెంచి చెప్పినందున ఒక ఆత్మ రక్షింపబడునెడల లాభమే గదా అని వారి తలంపు. ప్రియులారా, ఆ సామెతను కొంచెము ముందుకు సాగించి చూడుడి. పెండ్లి పెద్దలు భోజనము చేసి తమ ఊళ్లకు వెళ్లిపోదురు. ఆ నూరు అబద్ధములతో కాపురము చేయవలసినది ఆ పిల్ల. కథ చెప్పినవాడు వేదిక దిగిపోవును. ఆ కథను నమ్మి బ్రదుకవలసినది విన్నవాడు.

యోబు గ్రంథము 13వ అధ్యాయములో యోబు తన స్నేహితులను ఇదే ప్రశ్న అడిగెను. దేవుని తరపున వాదించుటకై మీరు అన్యాయముగా మాటలాడుదురా, ఆయనకు మీ వంచనతో పనియున్నదా అని ఆయన భావము. ఆ స్నేహితులు చెడ్డవారు కారు. అతనిని చూచి ఏడ్చి, ఏడు దినములు అతనితోకూడ నేలను కూర్చుండినవారు. అయితే దేవుని న్యాయమును కాపాడవలెనని, యోబు చేయని పాపమును అతనికి అంటగట్టిరి. గ్రంథాంతమున, 42వ అధ్యాయములో, దేవుడు ఎవరిమీద కోపించెను? తన్ను నిలదీసిన యోబుమీద కాదు, తన పక్షమున వాదించిన స్నేహితులమీద. వ్రాయువారందరు తమ బల్లమీద పెట్టుకొనవలసిన అధ్యాయమిది.

వేదగ్రంథకర్తల పద్ధతి

మన సువార్తికులలో చరిత్రకారుని పద్ధతిని విప్పి చెప్పినవాడు లూకా. తన సువార్త మొదటి నాలుగు వచనములలో ఆయన కొన్ని సంగతులు తెలుపుచున్నాడు. తనకు ముందు అనేకులు వ్రాసిరి. కన్నులార చూచినవారు ఆ సంగతులను అప్పగించిరి. తాను మొదటినుండి తరచి పరిశోధించెను. వరుసగా వ్రాయుచున్నాడు. తెయొఫిలు తాను నేర్చుకొనిన సంగతులు నిశ్చయమైనవని తెలిసికొనవలెనని వ్రాయుచున్నాడు. లూకా తాను చూడనిదానిని చూచినట్లు చెప్పలేదు. చూచినవారు అప్పగించిన సంగతులను తరచి పరిశోధించితినని చెప్పెను. ఆత్మప్రేరణ పొందిన లూకాకే విచారణ అవసరమైనప్పుడు, మనకు అక్కరలేదందుమా?

యోహాను సువార్త కడపటి అధ్యాయములో మరొక సంగతి గలదు. యేసు ప్రేమించిన శిష్యుడు చావడను మాట సహోదరులలో వ్యాపించెను. ఆ మాట ఆ శిష్యునికి గొప్ప ఘనత తెచ్చునదే. దానిని అట్లే విడిచిపెట్టిన అడుగువారెవరు? అయినను సువార్త ఆగి, ప్రభువు అట్లు చెప్పలేదనియు, ఆయన పేతురుతో అన్న మాట వేరనియు దిద్దుచున్నది. తమ ప్రియ గురువును గొప్పచేయు పుకారును తామే సరిదిద్దుట! మన పూర్వపు గురువులను గూర్చియు, మిషనరీ దొరలను గూర్చియు వ్రాయునప్పుడు ఈ 23వ వచనమును తలంచుకొనవలెను.

దీనికి విరోధమైన కథయు వేదములో గలదు. మొదటి సమూయేలు 31వ అధ్యాయము ప్రకారము సౌలు తన కత్తిమీద తానే పడి చనిపోయెను. రెండవ సమూయేలు మొదటి అధ్యాయములో ఒక అమాలేకీయుడు కిరీటమును, కంకణమును తెచ్చి, సౌలును నేనే చంపితినని దావీదుతో చెప్పెను. యుద్ధము నిజము, చావు నిజము, కిరీటము నిజము. నడుమ తన్ను తాను చేర్చుకొనెను. దావీదునకు ఏది ఇష్టమో ఊహించి, బహుమానమాశించి, దానికి తగినట్లు కథను మలచెను. ఆ కథయే వానికి మరణశాసనమాయెను. సాక్ష్యములలో జరుగు పొరపాటు తరచుగా ఈ రీతిగానే యుండును. మొత్తము కల్పించువారు అరుదు. నిజమైన సంఘటన నడుమ తమకొక పీట వేసికొనువారే మెండు.

అట్లయిన అన్ని సంగతులు వ్రాయవలెనా? అక్కరలేదు. యేసు చేసిన కార్యములన్నియు వ్రాయలేదని యోహానే ఒప్పుకొనెను. ఏరుకొనుట రచయిత హక్కు. రెండవ సమూయేలు 11వ అధ్యాయములో దావీదు బత్షెబ విషయమున చేసిన పాపము, ఊరియా హత్య పూర్తిగా వ్రాయబడెను. అదే రబ్బా యుద్ధమును చెప్పు మొదటి దినవృత్తాంతములు 20వ అధ్యాయములో ఆ సంగతి లేదు. ఆ గ్రంథకర్తకు దేవాలయపు ఆరాధన ముఖ్యము. అయితే సంఘము రెండు గ్రంథములను భద్రపరచినది. ఒకటి విడిచినదానిని రెండవది చెప్పుచున్నది. మత్తయి వంశావళి వ్రాయుచు ఊరియా భార్యను ప్రస్తావించి మరల జ్ఞప్తికి తెచ్చెను. రక్షకుని వంశవృక్షములోనే ఆ మచ్చను దాచలేదు. పేతురు బొంకిన సంగతి నాలుగు సువార్తలలోను గలదు. మార్కు పేతురుయొద్ద విని వ్రాసెనని పూర్వికుడైన పపియ చెప్పిన సంప్రదాయము నిజమైనచో, ఆ కోడి కూత కథను సంఘమునకు చెప్పినవాడు పేతురే. ఆయన గౌరవము దానివలన తగ్గినదా? బొంకి ఏడ్చినవారెందరో ఆ కథను పట్టుకొని మరల లేచిరి.

ప్రేమతో కల్పించిన కథలు

సంఘచరిత్ర చదువుకొను రోజులలో మమ్మును ఎంతో ఆలోచింపజేసిన వృత్తాంతమొకటి గలదు. క్రీ.శ. 200 ప్రాంతమున ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు వాడైన తెర్తుల్లియను బాప్తిస్మమును గూర్చి వ్రాయుచు దీనిని చెప్పెను. ఆసియా రాష్ట్రములోని ఒక సంఘపెద్ద పౌలును, తెక్ల అను కన్యకను గూర్చి ఒక చరిత్ర వ్రాసి, పౌలు పేర చెలామణి చేసెను. విచారింపగా తానే వ్రాసితినని ఒప్పుకొనెను. ఎందుకు వ్రాసితివనగా, పౌలుమీది ప్రేమచేత వ్రాసితిననెను. సంఘము అతనిని ఆ పదవినుండి తొలగించెను. ఆ చోట స్త్రీల పరిచర్యను గూర్చి తెర్తుల్లియను చేసిన వాదమును నేడు మనము అంగీకరింపనక్కరలేదు. మన గమనమునకు కావలసినది ఆనాటి సంఘపు తీర్పు. అతడు దుర్బోధకుడు కాడు, ధనాశపరుడు కాడు. ప్రేమించి వ్రాసెను. ఆ ప్రేమను ఎవరును శంకింపలేదు. అయినను ప్రేమ సత్యమునకు బదులుగా నిలువదని ఆ హింసాకాలపు చిన్న సంఘమే గ్రహించెను.

బడిలో చదువుకొన్న జార్జి వాషింగ్టను కథ మీకు తెలిసినదే. చిన్నతనమున తండ్రిగారి చెర్రీ చెట్టును గొడ్డలితో నరికి, అబద్ధమాడలేనని ఒప్పుకొనెననుట. వాషింగ్టను 1799 డిసెంబరులో చనిపోయెను. మరుసటి సంవత్సరము మేసన్ లాక్ వీమ్స్ అను ఆయన అతని జీవితచరిత్రను ప్రకటించెను. చెర్రీ చెట్టు కథ ఆ పుస్తకపు మొదటి ముద్రణలో లేదు. 1806లో వచ్చిన అయిదవ ముద్రణలో చేరెను. పేరు చెప్పని ఒక వృద్ధురాలు చెప్పినదని వీమ్స్ వ్రాసెను. దానికి వేరొక ఆధారము దొరకలేదు. చరిత్రకారులు దానిని కల్పనగానే ఎంచుచున్నారు. ఈ వీమ్స్ ఎవరనుకొందురు? గురుపట్టము పొందిన పాదిరి! పిల్లలకు సత్యము నేర్పుటకు ఒక పాదిరి అసత్యమును అల్లెను. మా వంటి బోధకులకు ఇది హెచ్చరిక.

మరియొకటి. చార్లెస్ డార్విను మరణమునకు ముందు తన సిద్ధాంతమును విడిచి విశ్వాసియాయెనని మన ప్రసంగపీఠములమీద నేటికిని వినబడుచున్నది. డార్విను 1882లో చనిపోయెను. ఈ కథ 1915లో, అనగా 33 సంవత్సరములు గడిచిన తరువాత, లేడీ హోప్ అను సువార్తికురాలి పేర అమెరికాలోని ఒక బాప్టిస్టు పత్రికలో వచ్చెను. తండ్రి మరణశయ్యయొద్దనున్న కుమార్తె హెన్రియెటా 1922లో ఇది నిజము కాదని బహిరంగముగా వ్రాసెను. అయినను కథ ఆగలేదు. వినుటకు ఇంపుగా నున్నది గనుక ఆగలేదు.

దీనివలన నష్టమేమని మీరడుగవచ్చును. మేమెరిగిన ఒక యౌవనస్థుడు సండేస్కూలులో విన్న ఈ కథను కాలేజీలో ధైర్యముగా చెప్పెను. అక్కడి లెక్చరరు హేళన చేయలేదు. నెమ్మదిగా తేదీలు చూపి, ఏ గ్రంథములో నున్నదో తెలిసికొని రమ్మనెను. కుర్రవాడు వెదకెను, తెలిసికొనెను. అతడు మాయొద్దకు వచ్చి అడిగిన మాట ఇది: "అయ్యగారూ, ఇది కట్టుకథ అని తెలిసియే మాకు చెప్పినారా? ఇదే నోటితో చెప్పిన పునరుత్థానమును నేనెట్లు నమ్మను?" అతనికి జవాబు చెప్పుటకు మాకు రెండు సంవత్సరములు పట్టెను. ఇప్పటికిని అతడు గుడికి వచ్చినప్పుడు వెనుక బల్లమీదనే కూర్చుండును. మన కల్పిత కథవలన చేరినవారిని మనము లెక్కించుకొందుము. వెళ్లిపోయినవారిని ఎవరు లెక్కించుచున్నారు?

మన తెలుగు సంఘముల కథ

ఇక మన దేశపు సంగతికి వత్తము. మన అధ్యక్ష ఖండములోనిది కాకపోయినను, తెలుగు క్రైస్తవులందరికి తెలిసినది ఒంగోలు కథ. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని ధాత కరువు పీడించెను. లక్షలాది జనులు నశించిరి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో సుమారు మూడు మైళ్లు త్రవ్వించు కాంట్రాక్టు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరము మొత్తము తొమ్మిది వేలకు పైబడిరి.

ఈ కథను రెండు విధములుగా చెడగొట్టవచ్చును. మనవారు కొందరు కరువును విడిచిపెట్టి, ఒక్క ప్రసంగముతో జనసమూహము కదలినట్లు చెప్పుదురు. మనలను గిట్టనివారు కరువును మాత్రమే చెప్పి, కూటికొరకు మతము పుచ్చుకొనిరందురు. జరిగిన దానిని పూర్తిగా చెప్పినచో ఈ రెండును నిలువవు. కరువు పని నడచిన కాలమున, తిండికొరకు వచ్చినవారిని చేర్చుకొన్నట్లగునని, క్లౌగారు దాదాపు పదునైదు నెలలు బాప్తిస్మములు ఆపివేసెను. సహాయము ముగిసిన పిదపనే చేర్చుకొనుట మొదలుపెట్టెను. అంతకు పదేండ్లకు పైగా ముందే, 1866లో, తాళ్లకొండపాడు వాడైన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొంది, తోలు వ్యాపారము చేయుచు తన బంధువులలో సువార్త చెప్పుచుండెను. కరువు లేదన్నవాడు నిజము చెప్పలేదు. కరువే అన్నవాడును చెప్పలేదు.

మరి ఆ దినమున నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినది ఎవరు? పెక్కుమంది క్లౌ దొరగారే అనుకొందురు. కారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకమారు ఇద్దరు చొప్పున దిగి, అలసినప్పుడు వేరొక ఇద్దరికి చోటిచ్చి, ఆ 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. కథ చెప్పుటలో ఒక్కని పేరు నిలిచి ఆరుగురు మాయమైనచో, అబద్ధమాడినట్లు మనకు తోచదు. అయినను ఆ ఆరుగురి మనుమలకు మనము అన్యాయము చేసినట్లే.

మన ఆంగ్లికన్ పూర్వికుల విషయమును చెప్పుదము. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, దోర్నకల్ ప్రథమాధ్యక్షులైన వి. ఎస్. అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. దానికి రెండేండ్లు ముందు, 1910లో ఎడింబరో మహాసభలో ఆయన మాటలాడిరి. మిషనరీల త్యాగములను కొనియాడి ఊరకుండవచ్చును. అవి నిజమే గనుక ఆయన వాటిని చెప్పిరి. అంతటితో ఆగక, త్యాగము చేసినవారు మాతో సమానముగా స్నేహము చేయుట లేదని, మాకు స్నేహితులు కావలెనని వారి ఎదుటనే చెప్పిరి. సభలో కొందరికి కష్టము తోచెను. నేడు ఆ సభలో జరిగిన ఉపన్యాసములలో లోకము జ్ఞాపకముంచుకొన్నవి కొన్నియే. వాటిలో ఇది ఒకటి. మేలు చేసినవారి ఎదుట కృతజ్ఞతతో సత్యము చెప్పుట ఎట్లో ఆయన చూపిరి.

ఒక పల్లె చరిత్ర వ్రాసినప్పుడు

మేము పరిచర్య చేయుచున్న పాస్టరేటులో ఒక పల్లె సంఘమున్నది. దాని చరిత్ర వ్రాయుటకు కూర్చుంటిమి. అందరు చెప్పుకొను కథ ఇది. ఒక రాత్రి వేపచెట్టు క్రింద దొరగారు ప్రసంగించిరి. తెల్లవారుసరికి పల్లె అంతయు విశ్వసించెను. వినుటకు పెంతెకొస్తు దినము వలె నున్నది. ఆ పల్లెలో తొంబది ఏండ్లకు చేరువైన ఒక అవ్వ యున్నది. ఆమెను అడుగగా నవ్వి, "ఒక్క రాత్రిలో ఎట్టా అవుద్దయ్యగారూ? మా నాయనకు మూడేండ్లు పట్టింది" అనెను.

ఆమె తన తండ్రినోట విన్నది ఇది. మొదట ఊరికి వచ్చినవాడు ఉపదేశి. రాత్రిబడి పెట్టెను. పల్లెవారు ప్రోనోటు చదువుకొనవలెనని, వెట్టిచాకిరినిగూర్చి తహశీల్దారునకు అర్జీ వ్రాయించుకొనవలెనని బడికి వచ్చిరి. పాటలు పాడిరి, ప్రార్థన వినిరి, అంతే. మూడవ యేట కలరా తగిలెను. ఉపదేశిని వెళ్లిపొమ్మని మిషనువారు కబురంపినను అతడు వెళ్లలేదు. శవములను మోయువారు లేనప్పుడు తానే మోసెను. అతని భార్య రోగులకు గంజి కాచిపోయుచు ఆ జాడ్యముతోనే చనిపోయెను. ఆమెను పాతిపెట్టిన తరువాత పల్లె పెద్దలే ఉపదేశియొద్దకు వెళ్లి బాప్తిస్మము అడిగిరి. దొరగారు వచ్చినది అప్పుడు, బాప్తిస్మములిచ్చుటకు. వేపచెట్టు ప్రసంగము ఆ దినముననే. ఆ భార్య పేరు అవ్వకు తెలియదు. పంతులమ్మ అని మాత్రమే తెలియును. రిజిస్టరులో వెదకితిమి. దొరగారి సంతకమున్నది. ఆమె పేరు లేదు.

చెప్పుడి, ఏ కథలో దేవుని హస్తము అధికముగా కనబడుచున్నది? ఒక్క రాత్రి కథను కాపాడుటకు ఆ పంతులమ్మ సమాధిమీద మనమే మరల మన్ను పోయుదుమా?

అవ్వ ఇంకొక సంగతి చెప్పెను. గుడి కట్టిన తరువాత అనేక సంవత్సరములు ఒక పేటవారికి కుడిప్రక్కను, మరొక పేటవారికి ఎడమప్రక్కను చాపలు వేసెడివారు. ప్రభురాత్రి భోజనమునకు ఒక పేటవారు ముందు, మరొకరు వెనుక. కులమును దాటి వచ్చితిమని పాడుచునే కులము ప్రకారము కూర్చుండిరి. ఇది వినగానే పెద్దలలో అలజడి పుట్టెను. "అయ్యగారూ, ఇది నూరేండ్ల పండుగ. ఇప్పుడివి ఎందుకు? నోవహు బట్టలులేక పడియున్నప్పుడు షేము, యాపెతు వెనుకకు నడచి కప్పిరి గదా" అని ఒక పెద్ద మనుష్యుడు లేఖనమునే చూపెను.

మంచి మాటయే. మేము దానిని త్రోసివేయలేదు. రెండు వారములు ధ్యానించితిమి. చివరకు వారితో ఇట్లంటిమి. షేము, యాపెతు తండ్రిని కప్పిరి, దీవెన పొందిరి. అయితే ఆ కప్పుటను గూర్చి మనకు తెలిసినది ఎట్లు? ఆదికాండము 9వ అధ్యాయము నోవహు త్రాగి పడిన సంగతియు వ్రాసెను గనుక. మనిషిని సిగ్గునుండి కాపాడవలెను, జరిగినది జరుగలేదని చెప్పరాదు. గనుక చాపలు వేసినవారి పేర్లు మేము వ్రాయలేదు. వారు చనిపోయిరి, జవాబు చెప్పుకొనలేరు. చాపలు వేరుగా నుండెనని మాత్రము వ్రాసితిమి. ఎప్పుడు తీసివేయబడెనో, ఏ ఉపాధ్యాయుడు మొదట తన పిల్లలతో ఆ ప్రక్కకు వెళ్లి కూర్చుండెనో అదియు వ్రాసితిమి. ఆ రెండవ మాట వ్రాయుటకు మొదటి మాట వ్రాయక తప్పదు. గాయమును చెప్పనివాడు స్వస్థతను ఎట్లు చెప్పును?

అందరు సంతోషించిరని చెప్పజాలము. ఒక కుటుంబమువారు ఇప్పటికిని మాతో ముభావముగానే యున్నారు. సత్యము వ్రాయుటకు ఈపాటి ఖర్చు ఉండునని మీరును ముందుగానే లెక్కవేసికొనవలెను.

కల్పన వేరు, బొంకు వేరు

కొందరు కథలు, నాటికలు వ్రాయుచున్నారు. మా పని అంతయు కల్పనయే గదా, మాకు ఈ నియమమేల అని వారడుగవచ్చును. కల్పన పాపమైనచో మన ప్రభువు ఉపమానములు చెప్పియుండడు. తప్పిపోయిన కుమారుని ఊరు ఏదని ఎవరును అడుగలేదు. ఉపమానమని విన్నవారికి తెలియును. నాతాను దావీదునకు చెప్పిన గొఱ్ఱెపిల్ల కథ జరిగినది కాదు. అయినను రాజు దాచిన సత్యమును అదే బయటికి లాగెను. బొంకు సత్యమును కప్పును, మంచి కల్పన సత్యమును విప్పును.

మన తెలుగులోనే చూడుడి. గుర్రం జాషువాగారు 1941లో గబ్బిలము కావ్యమును వెలువరించిరి. గుడిలోనికి పోనీయని ఒక అస్పృశ్యుడు, గుడిలో స్వేచ్ఛగా తిరుగు గబ్బిలముతో కాశీలోని శివునికి తన గోడు చెప్పి పంపును. గబ్బిలము రాయబారము పోవుట కల్పన. పక్షికి తెరచిన తలుపు మనుష్యునికి మూసియుండుట నిజము. ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాలలో నుండి మాలపల్లి నవలను వ్రాసిరి. ఆ నవలలోని వ్యక్తులు కల్పితులే. అయినను ప్రభుత్వము దానిని నిషేధించెను. కల్పన అబద్ధమే అయినచో దొరతనమువారికి అంత భయమెందుకు? కావున కథకులారా, కథను కథ అని చెప్పి వ్రాయుడి. దాని లోపలి బాధ, కూలి, ఆకలి, మాటతీరు నిజముగా నుండవలెను. కథను వ్రాసి సాక్ష్యమని పేరు పెట్టకుడి.

వ్రాయువారికి కొన్ని సూచనలు

ముగింపునకు ముందు పనికివచ్చు నాలుగు మాటలు.

మొదటిది, చూచినది, విన్నది, ఊహించినది వేరువేరుగా వ్రాయుడి. పెద్దలవలన విన్నచో విన్నామనియే వ్రాయుడి. ఆ రెండు మాటలవలన వ్యాసము పలుచబడదు. చదువువారు మిమ్మును నమ్ముదురు.

రెండవది, లెక్కలు రిజిస్టరులో చూచుకొనుడి. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, కమిటీ మినిట్సు పుస్తకము, సమాధిరాళ్లు, ఇవి మన సాక్షులు. చెదలు తినకముందే తెరువుడి. వేలాది జనము వచ్చిరని వ్రాయుటకు ముందు ఆ గుడిలో ఎందరు పట్టుదురో చూడుడి. వృద్ధుల మాటలను సెల్‌ఫోనులోనైన రికార్డు చేసికొనుడి. మరుసటి పండుగకు వారుండకపోవచ్చును.

మూడవది, పేరులేనివారిని వెదకుడి. బైబిలు స్త్రీలు, ఉపదేశుల భార్యలు, గుడికి రాళ్లు మోసినవారు, గంట కొట్టినవాడు. స్వస్థత సాక్ష్యము వ్రాయునప్పుడు ప్రార్థించినవారితో కూడ రాత్రంతయు మేల్కొనిన నర్సును, పొలము తాకట్టుపెట్టిన అన్నను వ్రాయుడి. దేవుడు వారిచేత పనిచేసెనని ఒప్పుకొనుట అవిశ్వాసము కాదు.

నాలుగవది, ఇతరుల రహస్యములు మీవి కావు. సత్యమను పేరిట పగ తీర్చుకొనకుడి. బ్రదికియున్నవారి సంగతి వ్రాయునెడల వారికి చదివి వినిపించుడి. వారి ఎదుట చదువలేని వాక్యము అచ్చునకు పంపదగినది కాదు.

ప్రియులారా, నూరేండ్లు ఈ సంఘమును నిలిపినది మన కథల చాతుర్యము కాదు. మన బలహీనతలన్నియు ఎరిగిన దేవుడు మనలను విడువలేదు. ఆయనను గూర్చి చెప్పుటకు మనమేమియు కలుపనక్కరలేదు. జరిగినది జరిగినట్లు వ్రాసినచో, ఇంకొక నూరేండ్లకు ఈ సంచికను విప్పు పిల్లవాడు, మన తాతలు మన వంటివారే, వారితో నడచిన దేవుడు మనతోను నడచునని ధైర్యము తెచ్చుకొనును. ఆ పిల్లవానిని మనసులో నుంచుకొని వ్రాయుడి.

సత్యస్వరూపియైన ఆత్మ మీ కలములను నడిపించునుగాక. ఆమేన్.